ముత్యాలు ఆ ఆకు ఎక్కడ చూసింది?

దీపం 203

ఈ రోజు చూసినవి: ఒకటి, ఎర్ర రంగు గాబు మీద తేలిన నురగ. రెండు, సూరప్ప గారి చెప్పు, తెగిన వారుకి వేసిన పసుపుదారం కుట్టు. మూడు, ముత్యాలు గీసిన ఆకు.

మూడు రాస్తే చాలు, రూలు అంతే. అచ్చుల సాలలో పనిచేసే ప్రతివాళ్ళూ రోజూ చూపుల పుస్తకంలో మూడు చూపులు రాయాలి. రేపెప్పుడైనా గోడగుడ్డ మీద ఒక బొమ్మ వేస్తే, ఎక్కడ చూసి వేశావని అడిగినప్పుడు తీసి చూపించడానికి ఒక పేజీ ఉండాలి. ఇరవై ఆరేళ్ళుగా రాస్తున్నాను. మూడు దాటి ఎప్పుడూ రాయలేదు. ఇవాళ మూడోదాని దగ్గర కలం ఆగడం లేదు.

ఆ ఆకు సన్నగా, గుత్తులు గుత్తులుగా ఉంది. ప్రతి ఆకూ కొన దగ్గర లోపలికి ముడుచుకుంది. గుత్తి మధ్యలోంచి వెంట్రుకల్లాంటి కాడలు లేచాయి, ఒక్కో కాడ చివర ఒక్కో బుల్లి టోపీ. ఆ టోపీలన్నీ ఒకే వైపుకి వాలి, ఎవరో మాట్లాడుతుంటే వింటున్నట్టున్నాయి.

నేల కిందున్న ఈ అడుగూరులో మాకు దొరికే ఆకులు మూడే. సాగుగదుల్లో దీపాల కింద పెరిగే గోంగూర, బచ్చలి, రాగి. వాటిని గీసీ గీసీ మా చేతులకే విసుగొచ్చింది. బొమ్మల అరలో పాత పుస్తకాల బొమ్మలు, గుడి కప్పుల మీది లతలు, చీర అంచుల మామిడి పిందెలు కలిపి నాలుగు వేల పైచిలుకు ఉన్నాయి. వాటన్నిటినీ నేను కళ్ళు మూసుకుని గీయగలను, అందులో ఈ ఆకు లేదు. పోనీ పైన ఉందా అంటే, ఈ ఊళ్ళో పైకి వెళ్ళి నేలని చూసి వచ్చినవాళ్ళు పట్టుమని పదిమంది లేరు. నేను పదకొండుసార్లు వెళ్ళాను. అక్కడ కూడా లేదు.

ముత్యాలు ఒక్కసారైనా పైకి వెళ్ళలేదు. ఇరవై నాలుగేళ్ళ పిల్ల, పంపుల సందులో గొట్టాలు తుడుచుకునేది, అచ్చుల సాలకి వచ్చి ఏడు నెలలైంది. మరి ఎక్కడ చూసింది?

దీపం 205

చూసినవి: ముత్యాలు ఆకు. మళ్ళీ ముత్యాలు ఆకు. బొమ్మల అర తలుపు మీది దుమ్ము, అందులో నా చేతిముద్ర.

నాలుగు వేల బొమ్మలూ మళ్ళీ వెతికాను. లేదు. యంత్రం చేత గీయించిందేమోనని కూడా ఆశపడ్డాను. కానీ దానికి తాళం వేసి ముప్పై ఏళ్ళయింది. ఉన్న బొమ్మల్నే తిప్పి తిప్పి కలిపి అది ఊరంతా గోడలు నింపుతుంటే, జనం మొదట గోడల వైపు చూడ్డం మానేశారు, తర్వాత ఒకళ్ళనొకళ్ళు చూసుకోవడం మానేశారు. మా అమ్మ ఆ గోడజబ్బుతోనే పోయింది. అప్పట్నుంచీ గోడగుడ్డ మీద పడే ప్రతి బొమ్మనీ ఎవరో ఒకరు కళ్ళతో చూసి ఉండాలి. చూసిన చోటు పేరు అచ్చు వెనక చెక్కాలి.

చివరికి సిగ్గు విడిచి అడిగేశాను.

"ఎక్కడ చూశావే ఆ ఆకుని?"

"పని చేసుకుంటా ఉంటే అట్టా కంటికి తగిలింది పెద్దమ్మా," అంది.

పెద్దమ్మట. నాకు యాభై ఒకటి. సూరప్ప గారికి డెబ్బై దాటాయి, ఆయన్ని తాతా అంటే అర్థముంది. నన్ను అక్కా అంటే దాని సొమ్మేం పోయింది?

దీపం 209

చూసినవి: రాగి సంకటి మీద పగులు. ముత్యాలు బల్ల చుట్టూ చేరిన తొమ్మిదిమంది వీపులు. నా బల్ల ముందున్న ఖాళీ.

కాన్పుల గదికి ఏటా వేసే కొత్త గోడగుడ్డని ఎంచే రోజులివి. ఊళ్ళో పుట్టే ప్రతి బిడ్డా కళ్ళు తెరిచి మొదట చూసేది ఆ గోడనే. అందుకని ఆ గుడ్డ ఎవరి చేతిదైతే ఆ ఏడాది పైచూపు వాళ్ళదే. పైచూపంటే మూత తెరిచి నేల మీదికి పంపడం, ఏడాదికి ఒక్కరిని, ఒక్క గంట. గత పదకొండు పైచూపులూ నావే. మొన్న డాక్టరమ్మ నా రొమ్ము మీద చెవి ఆనించి, పై గాలిని ఈ ఊపిరితిత్తులు ఇంకొక్కసారి తట్టుకుంటాయేమో, ఆపైన మాత్రం వద్దంది. అంటే నాకు మిగిలింది ఒక్క గంట. దాని కోసమే ఏడాదంతా బతుకుతున్నాను. ఆ గంట కూడా పోతే మిగతా రోజులు దేనికోసం లెక్కపెట్టాలో నాకు తెలియదు.

నా గుడ్డ సూరప్ప గారికి చూపించాను. ఈ సాల నడిపేది ఆయనే. నాకు కలం పట్టడం నేర్పింది కూడా ఆయనే. కళ్ళజోడు పైకి జరిపి చాలాసేపు చూశారు.

"వేదవల్లీ, ఇది నిరుటి వేపరెమ్మే కదమ్మా?"

"కాదండీ. ఇది రెమ్మకి రెండో వైపు."

"ఓహో," అన్నారాయన. ఆ ఓహో వింటే నాకు ఏడుపొచ్చింది. తర్వాత ముత్యాలు బల్ల దగ్గరికి వెళ్ళి, ఆ గుడ్డ మీద చెయ్యి పెట్టి నిలబడ్డారు. నా గుడ్డ మీద ఆయన అలా చెయ్యి పెట్టి ఎన్నేళ్ళయిందో ఈ పుస్తకాల్లో ఎక్కడో ఉంటుంది. వెతకను.

దీపం 214

చూసినవి: ముత్యాలు, ముత్యాలు, ముత్యాలు.

కలాన్ని అందరం మూడు వేళ్ళతో పడతాం. ఇది బొటనవేలికీ ఉంగరపువేలికీ మధ్య ఇరికిస్తుంది. గీత మొదలుపెట్టే ముందు కింది పెదవి లోపలికి తీసుకుంటుంది, గీత అయ్యాకే వదుల్తుంది. కుడి మణికట్టు మీద ఆవిరిగొట్టం తగిలి కాలిన మచ్చలు మూడు. రెండు ఒక వరసలో ఉన్నాయి, మూడోది కొంచెం కిందికి జారింది. గీసేటప్పుడు గుడ్డని చూడదు. గుడ్డ మీద తన చేతి నీడ ఎక్కడుందో చూసి, నీడ పడని చోట గీస్తుంది. అన్నం తినేటప్పుడు గోంగూర పచ్చడి చివరిదాకా దాచుకుంటుంది. ఎవరైనా మెచ్చుకుంటే చెవుల వెనక ఎర్రబడుతుంది. ఆ ఎరుపు మన గాబులో ఎంత మరిగించినా రాదు.

పని అవగానే ఇంటికి పోదు. పంపుల సందు వైపు తిరుగుతుంది. సందు మొదటిదాకా వెనకే వెళ్ళాను. లోపల ఆవిరి. నా దగ్గు వినబడుతుందని భయపడి వెనక్కి వచ్చేశాను. ఈ వయసులో నాకిదేం పని? అడిగేవాళ్ళు లేరు కాబట్టి సరిపోయింది.

ఉన్న మాట రాసుకుంటున్నాను. నాకు కుళ్ళు. అది గీసిన గీత పాడైతే బాగుణ్ణనిపిస్తోంది. నిన్న దాని రంగుగిన్నె బల్ల అంచుకి జరిగి ఉంటే చూసి కూడా సర్దలేదు. అది పడలేదు. పడనందుకు బాధేసింది.

దీపం 219

కాన్పుల గది గోడ ముత్యాలుది.

పదహారుమంది చేతులెత్తారు, నేను తప్ప. ముత్యాలు చెవుల వెనక ఎరుపు నా బల్ల దాకా కనబడింది. "పైన ఏం వేసుకుని వెళ్ళాలి తాతా?" అని సూరప్ప గారిని అడుగుతోంది. నా కళ్ళద్దాలు, నా ముక్కుగుడ్డ, నేను పదకొండేళ్ళు వేసుకున్న తోలుచెప్పులు, అన్నీ దానికిస్తారు. లేచి నిలబడ్డాను.

"మూలం అడుగుతున్నాను," అన్నాను.

సాలలో కలాలన్నీ ఆగిపోయాయి. ఆ మాట నేను చేరాక ఇద్దరే అన్నారు. ఎవరైనా ఆ మాటంటే బొమ్మ వేసినవాళ్ళ చూపుల పుస్తకం అందరి ముందూ చదవాలి. చూసిన పేజీ లేకపోతే అది దొంగబొమ్మ, ఇక ఆ చెయ్యి కలం పట్టకూడదు.

సూరప్ప గారు నా దగ్గరికొచ్చి గొంతు తగ్గించారు. "అడిగినవాళ్ళ పుస్తకం కూడా చదవాలి. గుర్తుందిగా?"

గుర్తు లేదు. ఒట్టు, ఆ క్షణందాకా గుర్తే లేదు. ఉత్త అసూయతో ఎవరూ అడగకూడదని పెట్టిన రూలు అది.

"వెనక్కి తీసుకుంటావా?" అన్నారు.

అందరూ చూస్తున్నారు. ముత్యాలు కూడా చూస్తోంది. కోపంగా ఉందేమో అనుకున్నాను, భయపడుతోంది. దాని భయం చూసి నాకు ధైర్యమొచ్చింది. దొంగే, అనుకున్నాను.

"తీసుకోను," అన్నాను.

పేజీలకి అంకెలుంటాయి, చింపడానికి లేదు. సిరా కడిగితే పోదు. దాన్ని తయారుచేసేది మేమే.

దీపం 221

పుస్తకం ఇప్పుడే తిరిగి ఇచ్చారు.

ముందు ముత్యాలుది చదివారు. సూరప్ప గారు చదువుతుంటే పక్కన నీళ్ళపెద్ద అంకయ్య కూర్చున్నాడు. ఏ విచారణకైనా నీళ్ళపెద్ద, గాలిపెద్ద ఉండాలి.

"దీపం ఎనభై ఒకటి. ఏడో పంపు వెనక గోడ చెమర్చింది. చెమట పక్కన ఆకుపచ్చ చుక్క, ఆవగింజంత. దీపం తొంభై. ఆవగింజ కాస్తా గోరంతైంది. పీచు పీచుగా ఉంది. దీపం నూట పన్నెండు. కాడలు లేచినయ్. దీపం నూట ముప్పై. కాడకి టోపీ వచ్చింది. పంపు ఆగినప్పుడు టోపీలన్నీ నిటారుగా ఉంటాయ్, తిరిగినప్పుడు ఆ గాలికి పక్కకి వాల్తాయ్..."

అలా నూట నలభై రోజులు. మూడు చూపుల్లో ఒకటి ప్రతిరోజూ అదే. పక్కనే చెమట ఎంత మేర ఉందో బెత్తలతో కొలిచిన లెక్క.

అంకయ్య లేచి నిలబడ్డాడు. "ఏ పంపు వెనకన్నావ్?"

రాయి చెమరిస్తే ఆ రోజే చెప్పాలి, మర్నాటికల్లా సున్నం మెత్తాలి. పన్నెండో సందు మీదికి నీళ్ళు విరుచుకుపడి ముప్పై ఒక్కమంది పోయాక పెట్టిన రూలు. అది పసిపిల్లలకి కూడా తెలుసు.

"రోజూ కొలిచానయ్యా," అంది ముత్యాలు. "జానెడు దాటలేదు. దాటితే చెబుదామనే ఉన్నా. చెబితే గోకేస్తారని..."

దానికి నేను దొంగ అని పేరు పెట్టాను. అది దాచింది ఇది.

తర్వాత నా పుస్తకం. సూరప్ప గారు 203 నుంచి మొదలుపెట్టారు. పెద్దమ్మట అన్నచోట ఎవరో కిసుక్కుమన్నారు. ముత్యాలు ముత్యాలు ముత్యాలు అన్నచోట అందరూ నవ్వారు. రంగుగిన్నె సంగతి వచ్చేసరికి ఎవరూ నవ్వలేదు. ఆయన గొంతు సర్దుకుని, "ఇంక అక్కర్లేదు, తెలుస్తోందిగా," అని మూయబోయారు.

"చదవండి తాతా," అంది ముత్యాలు. "నాది మొత్తం ఇన్నారుగా ఆవిడ."

చదివారు. నేను నేల వైపు చూస్తూ నిలబడ్డాను. నా కాలి బొటనవేలి గోరు చీలి ఉంది. అయ్యాక సూరప్ప గారు పుస్తకం నా చేతిలో పెట్టి, నాకొక్కదానికే వినబడేలా అన్నారు: "పదకొండుసార్లు పైకెళ్ళొచ్చావు. అక్కడ దేన్నైనా ఇంత బాగా చూశావామ్మా?"

తీర్పు: మూలం నిజం, బొమ్మ నిలుస్తుంది. చెమట దాచినందుకు ముత్యాలు అరవై దీపాలపాటు కలం ముట్టకూడదు, గాబులు కలపాలి. దాని పైచూపు రద్దు. నేను వేసుకున్న ఒక్క ఓటుతో రెండో గుడ్డ నా వేపరెమ్మ. కాబట్టి పైచూపు నాది.

దీపం 222

చూసింది ఒకటే.

దీపాలు వెలగగానే పంపుల సందుకి పరిగెత్తాను. ఈ మోకాళ్ళతో నేను పరిగెత్తడం ఎవరైనా చూసుంటే బాగా నవ్వుకుని ఉంటారు. జాలి పడి వెళ్ళానని రాయొచ్చు, కానీ ఈ పుస్తకంలో ఇంతవరకు అబద్ధం రాయలేదు. ఆ ఆకు పోయేలోపు నేను కూడా చూడాలని వెళ్ళాను. నూట నలభై రోజులు అదొక్కతే చూసింది.

ముత్యాలు అప్పటికే అక్కడుంది. సున్నం మెత్తే మనిషి మూలన తట్టలో కలుపుతున్నాడు. నేను వచ్చానని తెలిసినా అది తలెత్తలేదు.

"ఎక్కడ?" అన్నాను.

వేలు పెట్టి చూపించింది. గోడ మీద ఆకుపచ్చ మరక, అరచేతిలో సగం ఉంటుంది. మరకే. వంగి చూశాను. పాకుడు. ఇంకా వంగాను. అప్పటికీ పాకుడే. దీన్ని చూసి ఆ గుడ్డ మీది గుత్తులు, ముడుచుకున్న కొనలు, వింటున్న టోపీలు ఎలా వచ్చాయి?

"అటు కాదు పెద్దమ్మా. ఇటు కూకోండి. అటైతే మీ నీడ పడుద్ది."

పక్కకి జరిగి చోటిచ్చింది. కూర్చున్నాను. దాని భుజం నా భుజానికి తగిలింది. నీడ తప్పుకున్నాక ఒక్కో కాడా, ఒక్కో టోపీ కనబడ్డాయి. వెంట్రుకంత సన్నం, అన్నీ ఒకే వైపుకి. పంపు ఆగింది. అన్నీ మెల్లగా నిటారుగా లేచాయి.

నాకు అప్పుడు అర్థమైంది. ఇన్నాళ్ళూ దానికి నాకు దొరకని చోటేదో దొరికిందని కుళ్ళుకున్నాను. ఆ చోటు నాకు దొరికి ఉంటే ఒక గుడ్డముక్క తెచ్చి తుడిచేసేదాన్ని. అంతకుముందున్న కుళ్ళు చిన్నది. ఇది పెద్దది, దీనికి విచారణ కూడా లేదు.

"కాసేపు ఆగవయ్యా," అన్నాను సున్నం మనిషితో.

"సున్నం గట్టిపడిపోద్దమ్మా. అంకయ్య గారు నన్ను చంపేస్తారు."

తాపీ అంచుతో రెండు గీకులు గీకాడు. పచ్చటి పేడులా రాలింది. సున్నం మెత్తాడు. ముత్యాలు ఏడవలేదు. గాబులకి వేళైందని లేచి వెళ్ళిపోయింది. వెళ్తూ వెళ్తూ, "పైకెళ్ళినప్పుడు బాగా చూసి రండి," అంది. అందులో ఎత్తిపొడుపు ఉందేమోనని రోజంతా వెతుకుతూనే ఉన్నాను. ఉంటే బాగుండేది.

దీపం 236

పన్నెండో పైచూపు. చివరిది.

ఎప్పుడూ మూత తెరవగానే తలెత్తి వేపచెట్టునీ ఆ వెనకున్న ఆకాశాన్నీ చూసేదాన్ని. గంటసేపు ఎంత దూరం కనబడితే అంత దూరం చూసేదాన్ని. దిగి వచ్చి వేపరెమ్మ గీసేదాన్ని. ఈసారి తలెత్తాను, చెట్టు ఉంది, ఉన్నట్టే ఉంది. వెంటనే ఒక పాడు ఆలోచన వచ్చింది: ముత్యాలైతే ఇప్పుడేం చూస్తూ ఉండేది? నా గంటలోకి కూడా వచ్చి కూర్చుంది.

వదిలించుకోలేక, సరే చూద్దామని, అది కూర్చునేలాంటి చోటు వెతికాను. మూత వెనక పెద్ద రాయి ఉంది. దానికి ఎండ తగలని వైపు, నా నీడ పడకుండా మోకాళ్ళ మీద కూర్చున్నాను. రాతి మొదట్లో నల్లటి పొక్కు, అన్నం గిన్నె అడుగున అంటుకున్న మాడులా ఉంది. పదకొండేళ్ళూ ఆ రాయికి ఆనుకునే ముక్కుగుడ్డ సర్దుకున్నాను. వంగాను. మాడులో ముడుచుకున్న కొనలు. గుత్తులు. తాగే నీళ్ళ సీసా తీసి మూతతో నాలుగు చుక్కలు వేశాను.

మొదట ఏమీ కాలేదు. తర్వాత ఒక కొన విప్పుకుంది. దాని పక్కది కదిలింది. నేను దగ్గాపుకుంటూ చూస్తుండగానే ఆ నలుపంతా ఆకుపచ్చగా మారింది.

"ఏమ్మా, పడిపోయారా?" అని కాపలా మనిషి మూత దగ్గర్నుంచి కేకేశాడు.

"లేదు. చూస్తున్నాను."

"చెట్టు ఇటుంది కదమ్మా!"

గంటంతా అక్కడే. చెట్టు వైపు మళ్ళీ చూడలేదు. చివర్లో గోటితో కొంచెం గిల్లి, ఈ పుస్తకంలో ఈ పేజీకీ వెనక పేజీకీ మధ్య పెట్టాను. పైనుంచి చెప్పులకంటిన దుమ్ము కూడా కిందికి తేకూడదు. ఒళ్ళంతా తడిమి, చెప్పులు దులిపి పంపించారు. చూపుల పుస్తకం మాత్రం, మూలం అడిగితే తప్ప, ఎవరూ తెరవరు, అదీ రూలే.

దీపం 237

గాబు దగ్గర ముత్యాలు ఒక్కతే ఉంది, మోచేతుల దాకా ఎరుపు. పాత రంగుగిన్నెలో తడి ఇసుక పోసి, గిల్లి తెచ్చింది పెట్టి, మూత వేసి తెచ్చాను. దాని ముందు పెట్టి, "ఇది గోడ కాదు, గిన్నె. చెమర్చినా ఊరు మునగదు," అన్నాను. క్షమాపణ కూడా చెబుదామనుకున్నాను, చెప్పలేదు.

మూత తీసింది. చేతులు తుడుచుకోవడం కూడా మర్చిపోయి, గిన్నెని దీపం వైపు తిప్పి, నీడ చూసుకుని, వంగింది. కింది పెదవి లోపలికి పోయింది. నేను నిలబడే ఉన్నాను.

"ఇది అదేననుకున్నా పెద్దమ్మా. కాదు. ఇది ఇంకోటి," అంది. "చూడండి, దీనికి ప్రతి ఆకు కొనకీ తెల్లటి నూగు వెంట్రుక ఉంది. దానికి లేదు."

వంగి చూశాను. ఉంది. ప్రతి కొనకీ ఉంది. నా చివరి గంట మొత్తం మోకాళ్ళ మీద కూర్చుని చూసింది నేను. నాకు కనబడలేదు. ఆ గిన్నె లాక్కుని వెళ్ళిపోదామనిపించింది. లాక్కోలేదు. స్టూలు జరుపుకుని దాని పక్కనే కూర్చున్నాను.

"ఇంకేముంది? చెప్పవే," అన్నాను.

ఈ రోజు చూసినవి: ఒకటి, తెల్లటి నూగు వెంట్రుకలు. రెండు, ముత్యాలు చెవుల వెనక ఎరుపు. మూడు, గాబుల అరలో, పై వరసలో ఎడమ నుంచి నాలుగో గిన్నె, మూతతో సహా.

ఈ పేజీ చదవాలనుకున్నవాళ్ళు మూలం అడగొచ్చు, రూలు ఉండనే ఉంది. వచ్చేటప్పుడు మీ పుస్తకం కూడా తెచ్చుకోండి.